ఒకరికి హెచ్ఐవీ ఉంది, ఇంకొకరికి లేదు: మాత్రలా, కండోమా, ప్రెప్పా? ఏ దంపతులకు ఏది సరిపోతుంది

కర్నూలు పెద్దాసుపత్రిలోనో, అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో రిపోర్టు చేతికొచ్చిన రోజు డాక్టరు, కౌన్సెలరు చాలా విషయాలు చెబుతారు. బస్సెక్కి ఊరు చేరేసరికి అందులో సగం గుర్తుండదు. ఆ రాత్రి ఇద్దరి మనసులోనూ మిగిలేది ఒకటే: ఇంక మనం కలిసి ఉండొచ్చా? ఉంటే, లేనివాళ్లకు అంటకుండా ఏం చేయాలి?

ఉండొచ్చు. కాపురం చేయొచ్చు, పిల్లల్ని కనొచ్చు, హెచ్ఐవీ లేనివాళ్లు జీవితాంతం లేకుండానే ఉండొచ్చు. ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు, వేల జంటల మీద చేసిన అధ్యయనాల్లో తేలిన విషయం. అయితే అందుకు ఉన్న దారులు ఒకటికంటే ఎక్కువ, అన్నీ అందరికీ ఒకేలా కుదరవు. గుంటూరు మిరపకాయల పనికి నాలుగు నెలలు పోయే జంటకు కుదిరేది, కువైట్ నుంచి రెండేళ్లకోసారి వచ్చే మనిషికి కుదరకపోవచ్చు. ఏళ్ల తరబడి కలిసి బతుకుతున్న, ఇకముందూ కలిసే బతకాలనుకునే భార్యాభర్తల కోసం ఈ పోలిక.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఏది ఎక్కువ పనిచేస్తుంది?" అని. అడగాల్సిందే. కానీ నా దృష్టిలో దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: ఆ పద్ధతి ఎవరి చేతిలో ఉంది?

కండోమ్ ఎక్కువగా మగవాడి చేతిలో ఉంటుంది. హెచ్ఐవీ మాత్రలు, పాజిటివ్ ఉన్నవాళ్ల చేతిలో ఉంటాయి. ప్రెప్ అంటే హెచ్ఐవీ రాకుండా ముందే వేసుకునే మాత్ర. అది ఒక్కటే, హెచ్ఐవీ లేనివాళ్లు తమకు తాముగా వేసుకోగలిగేది. భర్త తాగొచ్చి "కండోమ్ లేదు, గిండోమ్ లేదు" అనే ఇంట్లో, కాగితం మీద ఎంత గొప్పగా కనిపించినా కండోమ్ మీద భరోసా పెట్టుకోలేం. భార్య ప్రతిరాత్రీ గుర్తుచేసి మరీ మాత్ర వేయించే ఇంట్లో మాత్రం మాత్రలను మించింది లేదు. మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో మీకే తెలుసు. అది దాచుకోకుండా కౌన్సెలర్‌కు చెబితే సగం దారి దొరికినట్టే.

మిగతావి త్వరగా చెబుతాను. మొదలుపెట్టిన ఎన్నాళ్లకు రక్షణ వస్తుంది? పిల్లలు కావాలా, వద్దా? ఇంట్లో అత్తమామలకు, పక్కింటివాళ్లకు తెలియకుండా వాడుకోగలరా? పనికోసం ఊరు వదిలి వెళ్లినప్పుడు కొనసాగించగలరా? ఎంత ఖర్చవుతుంది? ఈ ప్రశ్నలు దగ్గర పెట్టుకుని చదవండి.

## ఏమీ చేయకపోతే ప్రమాదం ఎంత

మందులు వాడని పాజిటివ్ భర్తతో కండోమ్ లేకుండా ఒకసారి కలిస్తే, భార్యకు అంటుకునే అవకాశం సగటున 10,000లో 8 దాకా ఉంటుందని అంచనా. భార్య పాజిటివ్ అయితే భర్తకు అంటుకునే అవకాశం 10,000లో 4 దాకా. అంకెలు చిన్నవిగానే కనిపిస్తాయి. "పదేళ్ల నుంచి కలిసే ఉన్నాం, ఆమెకు రాలేదు, ఇంక రాదులే" అనే ధైర్యం పుట్టేది ఇక్కడే.

కానీ కాపురమంటే ఒక్కరోజు కాదు. ఏడాదికి ఓ వంద సార్లు కలుస్తారనుకుని లెక్కవేయండి: ఆ ఒక్క ఏడాదిలో భార్యకు దాదాపు 8 శాతం, పదేళ్లలో సగానికి పైనే. పైగా అది సగటు మాత్రమే. వైరస్ కొత్తగా సోకిన మొదటి వారాల్లో, జబ్బు బాగా ముదిరినప్పుడు, ఇద్దరిలో ఎవరికైనా మర్మాంగాల దగ్గర పుండ్లు, సుఖవ్యాధులు ఉన్నప్పుడు ప్రమాదం చాలా పెరుగుతుంది. మలద్వారం ద్వారా కలిసినప్పుడు యోనిమార్గం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన పల్లెల్లో ముందు పాజిటివ్ అని తేలేది చాలాసార్లు భార్యకే. కారణం, గర్భం వచ్చినప్పుడు పీహెచ్‌సీలో ఆమెకు పరీక్ష చేస్తారు, ఆయనకు చేయరు. ముందు ఎవరికి తేలితే వాళ్లే తెచ్చారని కాదు. ఆ పంచాయితీలో పడి భర్త పరీక్షను నెలల తరబడి వాయిదా వేసుకునే కుటుంబాలు ఉన్నాయి. ఎవరి నుంచి వచ్చిందన్న గొడవ మందును ఆలస్యం చేయడం తప్ప ఇంకేమీ చేయదు.

## మొదటి దారి: పాజిటివ్ ఉన్నవాళ్లు మాత్రలు వాడటం, వైరల్ లోడ్ చూసుకోవడం

మిగతా దారులన్నీ దీనికి తోడుగా నిలిచేవే. అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను.

హెచ్ఐవీ మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లో దొరికే మాత్రలో సాధారణంగా మూడు మందులు ఉంటాయి: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. టీఎల్‌డీ అంటారు. రోజుకు ఒక్క మాత్ర. ప్రభుత్వ సెంటర్లో పూర్తిగా ఉచితం. ఒకప్పుడు సీడీ4 సంఖ్య, అంటే జబ్బులతో పోరాడే రక్తకణాల లెక్క, ఒక స్థాయికంటే తగ్గితేనే మందులు మొదలుపెట్టేవారు. 2017 నుంచి మన దేశంలో పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, సీడీ4 ఎంత ఉన్నా, మందులు ఇస్తున్నారు.

ఈ మాత్ర రక్తంలో వైరస్‌ను తగ్గిస్తుంది. వైరస్ తగ్గితే వీర్యంలో, యోని స్రావాల్లో కూడా తగ్గుతుంది. పరీక్షకు దొరకనంత తగ్గి, అలాగే నిలబడితే, కలయిక ద్వారా ఎదుటివాళ్లకు అంటదు. "తక్కువగా అంటుంది" అనడం లేదు. అంటదు.

దీనికి ఆధారాలు చూడండి. హెచ్‌పీటీఎన్ 052 అనే అధ్యయనంలో 9 దేశాల నుంచి 1,763 జంటలు పాల్గొన్నాయి. మన చెన్నై, పుణే కూడా అందులో ఉన్నాయి. ఎక్కువమంది స్త్రీపురుష దంపతులే. ముందుగా మందులు మొదలుపెట్టిన జంటల్లో భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. మందులు వాడుతున్నా సోకిన కొద్దిమందిని వెతికి చూస్తే, వాళ్లంతా రెండు రకాలే: మందు మొదలుపెట్టి వైరస్ ఇంకా తగ్గకముందే సోకినవాళ్లు, మందు పనిచేయడం ఆగిపోయాక సోకినవాళ్లు. తర్వాత యూరప్‌లో పార్ట్‌నర్ అనే అధ్యయనం జరిగింది. వైరస్ అదుపులో ఉన్న 888 జంటలు కండోమ్ లేకుండా దాదాపు 58,000 సార్లు కలిసినా, ఒకరి నుంచి ఇంకొకరికి అంటిన కేసు ఒక్కటి కూడా కనబడలేదని 2016లో ప్రకటించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇంకా స్పష్టంగా చెప్పింది: వైరస్ పరీక్షకు దొరకని స్థాయిలో ఉంటే కలయిక ద్వారా అంటుకునే ప్రమాదం సున్నా, మిల్లీలీటరు రక్తంలో 1,000 వైరస్ కాపీలలోపు ఉంటే దాదాపు సున్నా.

అయితే ఇదంతా "మందులు వాడుతున్నాను" అనే మాటతో రాదు. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టుతో వస్తుంది. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. "నా సీడీ4 ఎనిమిది వందలుంది, నేను బాగున్నా" అంటారు. సీడీ4 చెప్పేది మీ ఒంటి శక్తి గురించి. మీ నుంచి ఎదుటివాళ్లకు అంటుందా లేదా అన్నది చెప్పేది వైరల్ లోడ్. రెండూ వేరు. వైరల్ లోడ్ పరీక్షను మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి ఉచితంగా చేస్తారు. రక్తం ఇచ్చి వచ్చేయడం కాదు, రిజల్ట్ అడిగి, అంకె మీ ఏఆర్‌టీ బుక్కులో రాయించుకోండి. "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని ఉంటే వైరస్ దొరకలేదని అర్థం. అంకె ఉంటే అది ఎంతో, దాని అర్థమేమిటో డాక్టరును అడగండి.

డోలుటెగ్రావిర్ వాడేవాళ్లలో చాలామందికి మూడు నెలల్లోపే వైరస్ బాగా పడిపోతుంది. అయినా వైరస్ దొరకలేదని ఆరు నెలల రిపోర్టు చేతికొచ్చేదాకా కండోమ్ వదలొద్దు.

మాత్ర పనిచేయకుండా పోయే కారణాలు మన దగ్గర ఎక్కువగా ఇవే:

- ఐరన్, కాల్షియం, గ్యాస్ మాత్రలు. కడుపులో మంటకు వేసుకునే యాంటాసిడ్లు, రక్తం తక్కువని ఇచ్చే ఐరన్ బిళ్లలు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. హెచ్ఐవీ మాత్ర వీటికంటే రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రం అన్నంతోపాటు అయితే కలిపి వేసుకోవచ్చు.
- టీబీ మందులు, షుగర్ మందులు. రిఫాంపిసిన్ ఉన్న టీబీ మందులు వాడితే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు అవసరమవుతుంది. మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా చూసుకోవాలి. మెడికల్ షాపులో ఏది కొన్నా ఏఆర్‌టీ డాక్టరుకు చెప్పండి.
- తాగిన రోజు మాత్ర మానేయడం. మద్యం తాగితే మాత్ర వేసుకోకూడదన్న భయం మగవాళ్లలో చాలా ఉంది. తాగుడు మంచిది కాదు, కానీ తాగినా మాత్ర మాత్రం మానొద్దు.
- దీక్షలు, ఉపవాసాలు. అయ్యప్ప మాలలో ఉన్నా మాత్ర వేసుకోవచ్చు. రంజాన్ నెలలో ఇఫ్తార్ తర్వాతకు మార్చుకుంటే రోజాకు అడ్డు రాదు.

దీని బలం: పిల్లల విషయంలో ఏ ఇబ్బందీ లేదు, కలిసేటప్పుడు మధ్యలో గుర్తుపెట్టుకోవాల్సింది ఏదీ లేదు, పాజిటివ్ మనిషి ఆయుష్షూ పెరుగుతుంది. దీని బలహీనత: అది ఆ ఒక్క మనిషి నుంచి మాత్రమే కాపాడుతుంది. పార్ట్‌నర్ అధ్యయనంలో కూడా 11 మందికి కొత్తగా హెచ్ఐవీ వచ్చింది. వైరస్ జన్యువులను పోల్చి చూస్తే, అవి ఇంట్లో భాగస్వామివి కావు, బయట నుంచి వచ్చినవి. గనేరియా, సిఫిలిస్ లాంటి సుఖవ్యాధులను కూడా ఈ మాత్ర ఆపదు.

## రెండో దారి: కండోమ్

ప్రతిసారీ, మొదటి నుంచి చివరిదాకా వాడే స్త్రీపురుష జంటల్లో కండోమ్ వల్ల హెచ్ఐవీ సోకడం సుమారు 80 శాతం తగ్గుతుందని అధ్యయనాల సారం. వేసుకున్న క్షణం నుంచే రక్షణ. ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో, హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే ఐసీటీసీలో నిరోధ్ ఊరికే ఇస్తారు. సుఖవ్యాధులను కూడా చాలావరకు ఆపుతుంది, మాత్ర చేయలేనిది అదే.

మరి దంపతులు ఎందుకు వాడరు? మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రత్యేకమైన కారణం ఉంది. పెళ్లయిన ఆడవాళ్లలో సుమారు 70 శాతం మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇద్దరు పిల్లలు పుట్టగానే, పాతికేళ్లు నిండేలోపే చాలామందికి ఆపరేషన్ అవుతుంది. ఇక కండోమ్ పేరెత్తితే "ఆపరేషన్ అయిపోయింది గదా, ఇంక అదెందుకు?" అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వెనకే అనుమానం వస్తుంది. కొత్త జంట కంటే పాత జంటకు కండోమ్ మొదలుపెట్టడం కష్టం. ఇరవై ఏళ్ల అలవాటును ఒక్కరోజులో మార్చమంటున్నామని మనం ఒప్పుకోవాలి. కోప్పడితే పని కాదు, కౌన్సెలర్ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెబితే కొంత నయం.

వాడేవాళ్లకు రెండు జాగ్రత్తలు. కొబ్బరినూనె, ఆముదం, వ్యాజలిన్ లాంటివి రాస్తే లేటెక్స్ కండోమ్ చిరిగిపోతుంది. నీటితో చేసిన జెల్ వాడాలి. నెలసరి ఆగిన ఆడవాళ్లకు ఆ జెల్ మరీ అవసరం, పొడిబారినచోట చిన్న గాయాలైతే ప్రమాదం పెరుగుతుంది. రెండోది, లారీ క్యాబిన్‌లో, ప్యాంటు వెనక జేబులో నెలల తరబడి ఉంచిన కండోమ్ మన ఎండలకు పాడైపోతుంది.

ఆడవాళ్ల కండోమ్ కూడా ఉంది. స్త్రీ చేతిలో ఉండేది కాబట్టి మంచిదే, కానీ మన జిల్లాల్లో దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకునేంత సులువుగా దొరకదు.

## మూడో దారి: ప్రెప్

హెచ్ఐవీ లేనివాళ్లు, రాకుండా ముందే వేసుకునే మాత్ర ఇది. టెనోఫోవిర్‌తోపాటు ఎమ్‌ట్రిసిటాబిన్ గానీ, లామివుడిన్ గానీ ఉంటుంది. కెన్యా, ఉగాండాల్లో 4,700కు పైగా దంపతుల మీద చేసిన పార్ట్‌నర్స్ ప్రెప్ అధ్యయనంలో రెండు మందులున్న మాత్ర 75 శాతం రక్షణ ఇచ్చింది. రక్తంలో మందు ఆనవాలు కనబడినవాళ్లను, అంటే నిజంగా వేసుకున్నవాళ్లను, వేరుగా లెక్కిస్తే అది 90 శాతం. మాత్రకు బలముంది, వేసుకోకపోతేనే లేదు. ఆడవాళ్లు రోజూ తప్పకుండా వేసుకోవాలి. రెండు మూడు రోజులు మానేసినా రక్షణ తగ్గుతుంది.

మన దేశంలో ప్రెప్‌కు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ ఏఆర్‌టీ మాత్రలు దొరికినంత సులువుగా ప్రెప్ దొరకదు. చాలామంది ప్రైవేటు డాక్టరు చీటీతో సొంతంగా కొనుక్కోవాల్సి వస్తుంది. మొదలుపెట్టేముందు హెచ్ఐవీ లేదని పరీక్షలో తేలాలి, కిడ్నీలు, హెపటైటిస్ బి చూడాలి. తర్వాత మూడు నెలలకోసారి హెచ్ఐవీ పరీక్ష.

ఒక హెచ్చరిక: భర్త డబ్బాలో నుంచి భార్య మాత్ర తీసి వేసుకోవడం ప్రెప్ కాదు. ఆయనకు నెలాఖరుకు మాత్రలు తక్కువవుతాయి, ఆమెకు పరీక్షలు లేకుండా మందు పడుతుంది. ఇద్దరూ నష్టపోతారు.

ఆరు నెలలకోసారి వేసే లెనాకపావిర్ ఇంజెక్షన్ గురించి కూడా మీరు వినే ఉంటారు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో యువతుల మీద చేసిన ప్రయోగంలో, ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో ఒక్కరికి కూడా హెచ్ఐవీ రాలేదని 2024లో ప్రకటించారు. దాన్ని చవకగా తయారుచేసే అనుమతి పొందిన కంపెనీల్లో మన హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. మాత్ర డబ్బా ఇంట్లో దాచుకోలేని ఆడవాళ్లకు అది చేరే రోజు కోసం నేను నిజంగా ఎదురుచూస్తున్నాను. ఇప్పుడు చేసే ఎంపికలో మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

## జనం చేసే మిగతావి

బయటికి వదలడం రక్షణ కాదు, ముందే వచ్చే ద్రవంలో కూడా వైరస్ ఉంటుంది. నాటుమందులు హెచ్ఐవీని తగ్గించవు, వాటికోసం మాత్రలు ఆపినవాళ్ల వైరస్ తిరిగి పెరుగుతుంది. సున్తీ చేయించుకున్న మగవాళ్లకు భార్య నుంచి అంటుకునే ప్రమాదం సుమారు 60 శాతం తగ్గుతుందని ఆఫ్రికా ప్రయోగాల్లో తేలింది. కానీ పాజిటివ్ భర్తకు సున్తీ అయినంత మాత్రాన భార్యకు రక్షణ లేదు. వేరే మంచాల మీద పడుకోవడం, వేరే గిన్నెల్లో తినడం గురించి చెప్పాలంటే, గిన్నెల వల్ల, బట్టల వల్ల, దోమల వల్ల హెచ్ఐవీ రాదు. ఏళ్లకేళ్లు దూరంగా పడుకునే కాపురాలు విరిగిపోతాయి, అవసరం లేని శిక్ష అది.

కండోమ్ చిరిగితే, అదీ వైరస్ ఇంకా అదుపులో లేనప్పుడైతే, 72 గంటల్లోపు పెప్ అనే మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఇది అత్యవసరానికి మాత్రమే.

| | ఏఆర్‌టీ, వైరల్ లోడ్ | కండోమ్ | ప్రెప్ |
|---|---|---|---|
| ఎవరి చేతిలో | పాజిటివ్ ఉన్నవాళ్లు | ఎక్కువగా మగవాళ్లు | నెగెటివ్ ఉన్నవాళ్లు |
| రక్షణ | వైరస్ దొరకనప్పుడు సంపూర్ణం | ప్రతిసారీ వాడితే సుమారు 80 శాతం | రోజూ వేసుకుంటే సుమారు 90 శాతం |
| ఎప్పటి నుంచి | రిపోర్టు వచ్చాక, సుమారు ఆరు నెలలు | వెంటనే | డాక్టరు చెప్పిన రోజులు గడిచాక |
| పిల్లలు కావాలంటే | అడ్డు లేదు | అడ్డు | అడ్డు లేదు |
| సుఖవ్యాధులు | ఆపదు | చాలావరకు ఆపుతుంది | ఆపదు |
| ఖర్చు | ఉచితం | ఉచితం | ఎక్కువగా సొంత ఖర్చు |

## ఎవరికి ఏది

కొత్తగా తేలిన జంట. ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు. పాజిటివ్ ఉన్నవాళ్లు మాత్రలు మొదలుపెట్టాలి, వైరల్ లోడ్ రిపోర్టు వచ్చేదాకా కండోమ్ వాడాలి. కండోమ్ కుదరదని ముందే తెలిస్తే, ఆ ఆరు నెలలకు నెగెటివ్ మనిషికి ప్రెప్ ఇవ్వగలరేమో ఏఆర్‌టీ డాక్టరును అడగండి. వైరస్ దొరకలేదని రిపోర్టు వచ్చాక దాన్ని ఆపేయొచ్చు.

సుగ్గికి, అంటే పనికోసం వలస పోయేవాళ్లు, లారీల మీద ఉండేవాళ్లు. కోసిగి, ఆదోని వైపు నుంచి గుంటూరుకో, బెంగళూరుకో నెలలకు నెలలు వెళ్లే కుటుంబాలకు అసలు సమస్య మాత్రలు అయిపోవడం. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చే ఏర్పాటు ఉంది. బయల్దేరే వారం ముందే సెంటర్‌కు వెళ్లి అడగండి. అక్కడే ఎక్కువ కాలం ఉండాల్సి వస్తే దగ్గర్లోని ఏఆర్‌టీ సెంటర్‌కు మార్పించుకోవచ్చు, బుక్కు వెంట ఉండాలి. మాత్రలు ఆగి వారాలు గడిచాక ఇంటికొస్తే, మళ్లీ వైరల్ లోడ్ చూసేదాకా కండోమ్ తప్పదు. "పోయిన ఉగాదికి వైరస్ దొరకలేదన్నారు" అనే రిపోర్టు ఇప్పుడు పనికిరాదు. బయట వేరే సంబంధాలుంటే, నిజం చెప్పాలి, అక్కడ కండోమ్ తప్ప దారి లేదు.

ఒకరు గల్ఫ్‌లో ఉన్న జంట. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లే ఆడవాళ్లు, మగవాళ్లు చాలామంది. అక్కడికి వెళ్లేముందు హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి, పాజిటివ్ అయితే వీసా రాదు. కాబట్టి ఇక్కడ ఎక్కువగా ఇంటి దగ్గరున్నవాళ్లే పాజిటివ్, సెలవు మీద వచ్చేవాళ్లు నెగెటివ్. ఇంటి దగ్గరున్నవాళ్ల వైరల్ లోడ్ రిపోర్టు ఆ సెలవుకు ముందే తెప్పించుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. రిపోర్టు సరిగా లేకపోతే ఆ రెండు నెలలకు కండోమ్, కుదిరితే ప్రెప్. ప్రెప్ అయితే వచ్చేముందే మొదలుపెట్టాలి, వచ్చాక కాదు.

బిడ్డ కావాలనుకునేవాళ్లు. వైరస్ దొరకనప్పుడు మామూలుగా కలిసి గర్భం దాల్చొచ్చు. అంతకుముందు తొందరపడొద్దు, ఆరు నెలలు ఆగితే ముగ్గురికీ మంచిది. తల్లి పాజిటివ్ అయితే గర్భంలోనూ, పాలిచ్చే కాలంలోనూ మాత్ర ఒక్కరోజూ ఆపకూడదు, బిడ్డకు పుట్టగానే మందు ఇస్తారు. "వైరస్ దొరకకపోతే అంటదు" అన్నది కలయిక విషయంలో చెప్పిన మాట. చనుబాల ద్వారా ప్రమాదం చాలా తగ్గుతుంది కానీ పూర్తిగా సున్నా అని చెప్పలేం. తండ్రి పాజిటివ్, తల్లి నెగెటివ్ అయిన ఇళ్లలో అందరూ ఏమరుపాటుగా ఉండే సమయం గర్భమే. అప్పుడు గానీ, పాలిచ్చేటప్పుడు గానీ ఆమెకు కొత్తగా సోకితే బిడ్డకు చేరే ప్రమాదం చాలా ఎక్కువ. ఆ కాలంలో ఆమెకు మళ్లీ మళ్లీ పరీక్ష చేయించాలి.

భర్త మాత్రలు వేసుకోడు, కండోమ్ ఒప్పుకోడు. అందరికంటే కష్టమైన పరిస్థితిలో ఉన్నది ఈమె. ఈమె చేతిలో ఉన్నది ప్రెప్ ఒక్కటే. దాని గురించి గట్టిగా అడగండి, ప్రైవేటులో కొనాల్సి వచ్చినా. దానితోపాటు హెచ్ఐవీ పరీక్ష, మామూలుగా చేసే ఆరు నెలలకోసారి కాదు, మూడు నెలలకోసారి. "వద్దు" అనే హక్కు మీకు ఉంది. కొట్టినా, బెదిరించినా కౌన్సెలర్‌కు చెప్పండి, అది మీ ఇంటి విషయం మాత్రమే కాదు.

ఊళ్లో తెలుస్తుందని భయపడేవాళ్లు. సొంత జిల్లా ఆసుపత్రిలో బంధువులు కనబడతారని చాలామంది దూరపు సెంటర్ ఎంచుకుంటారు. అనంతపురం నుంచి కదిరి వెళ్లే దారిలో బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు, హెచ్ఐవీ వైద్యంలో దానికి మంచి పేరుంది. ప్రతినెలా అంత దూరం వెళ్లగలిగితే సరే. చార్జీలకు డబ్బుల్లేక ఒక్క నెల ఆగిపోయేలా ఉంటే, దగ్గరి సెంటరే మేలు. గుట్టుకంటే మాత్ర తప్పకపోవడం ముఖ్యం. మాత్రలను వేరే డబ్బాలోకి మార్చుకుని బీపీ మాత్రలని చెప్పుకునేవాళ్లు ఉన్నారు, అందులో తప్పేమీ లేదు. డబ్బాలోకి తడి తగలకుండా చూసుకుంటే చాలు.

## చెప్పాలా, ఎలా చెప్పాలి

2017లో వచ్చి, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా ఆసుపత్రివాళ్లు మీ విషయం బయటపెట్టకూడదు. భార్యకో భర్తకో చెప్పమని ముందు మీకే నచ్చజెబుతారు. మీరు చెప్పక, వాళ్లకు ప్రమాదం ఉందని డాక్టరుకో కౌన్సెలర్‌కో అనిపిస్తే, మీకు తెలియజేసి, వాళ్లను పిలిచి నేరుగా చెప్పే వీలు చట్టంలో ఉంది. ఎదుటివాళ్లకు అంటకుండా జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యతను కూడా చట్టం పాజిటివ్ ఉన్నవాళ్ల మీద పెట్టింది. చెబితే కొడతారనో, ఇంట్లోంచి గెంటేస్తారనో భయమున్న స్త్రీకి మాత్రం అందులో మినహాయింపు ఇచ్చింది.

నా సలహా, ఒంటరిగా వంటింట్లో చెప్పకండి. ఐసీటీసీలో కౌన్సెలర్ ముందు ఇద్దరూ కూర్చుని వినండి. అక్కడే నెగెటివ్ ఉన్నవాళ్లకు పరీక్ష చేస్తారు. కొత్తగా సోకినా మూడు నెలలదాకా పరీక్షలో బయటపడకపోవచ్చు, అందుకే మూడు నెలలకు ఇంకోసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. మర్మాంగాల దగ్గర పుండ్లు, దురద, స్రావం ఉంటే అదే ఆసుపత్రిలోని సురక్ష క్లినిక్‌లో ఇద్దరూ చూపించుకోండి. ఇంకా ఏ అనుమానమున్నా పేరు చెప్పకుండా 1097కు ఫోన్ చేయొచ్చు. అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ పెన్షన్ కూడా ఉంది, ఆసుపత్రికి వెళ్లినప్పుడు దాని కాగితాల గురించి కౌన్సెలర్‌నే అడగండి.